యంత్రానికి మాటలు నేర్పిన గ్రేస్ హాపర్

ఈ నెల గోడపత్రికకు ఒక ప్రముఖ మహిళ జీవితం రాయమన్నారు. తెలుగు విభాగం అమ్మాయి కవయిత్రిని వదిలేసి కంప్యూటర్ మనిషిని పట్టుకుందేమిటి అనుకుంటారేమో. కాస్త ఓపిగ్గా చదవండి. ఈమె జీవితమంతా చేసిన పని భాష గురించే.

గ్రేస్ బ్రూస్టర్ మర్రే 1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టింది. ఏడేళ్ళప్పుడు అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూద్దామని ఒకదాన్ని విప్పింది. తిరిగి బిగించడం చేతకాలేదు. చూసి నేర్చుకుందామని ఇంకొకటి విప్పింది. వాళ్ళమ్మ గమనించేసరికి ఇంట్లోని ఏడు గడియారాలూ ముక్కలై ఉన్నాయి. ఆమె కోప్పడకుండా, ఇకమీద ఒక్కదాంతోనే ఆడుకొమ్మని చెప్పిందట. అదే మన ఇళ్ళల్లో అయితే వీపు విమానం మోత మోగేది!

పదహారేళ్ళకు వాసర్ అనే మహిళా కళాశాలకు దరఖాస్తు పెడితే, లాటిన్‌లో మార్కులు చాలక సీటు రాలేదు. మరుసటి ఏడు చేరి, 1928లో గణితం, భౌతికశాస్త్రాల్లో పట్టా తీసుకుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు హాపర్ అయింది. 1931లో వాసర్‌లోనే పంతులమ్మగా చేరి, 1934లో యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పూర్తి చేశారు. లెక్కల క్లాసులో పిల్లల చేత వ్యాసాలు రాయించి, భాష కూడా దిద్దేవారు. ఇది లెక్కల క్లాసు కదా అని పిల్లలు గొణిగేవాళ్ళు. తెలిసింది నలుగురికీ చెప్పలేకపోతే ఎంత లెక్క నేర్చినా లాభం లేదన్నది ఆమె వాదన.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు తక్కువ అని వద్దన్నారు. పట్టుబట్టి మినహాయింపు తెచ్చుకుని 1943 డిసెంబర్‌లో చేరారు. 1944లో హార్వర్డ్‌లోని మార్క్ 1 అనే లెక్కల యంత్రం దగ్గరికి పంపారు. అది 51 అడుగుల పొడవు! దానికి ఏ పని చెప్పాలన్నా అన్నీ అంకెలుగా మార్చి, కాగితపు పట్టీ మీద చిల్లులు కొట్టి ఎక్కించాలి.

చిల్లులంటే మాకు కొత్త కాదు. మాది గుడియాత్తం, మగ్గాల ఊరు. ఆరణి, కంచి పట్టుమగ్గాల మీద జకార్డు అట్టలు చూసినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. అట్టలో చిల్లు ఎక్కడుందో దాన్నిబట్టి ఏ పడుగు దారం పైకి లేవాలో తేలుతుంది. చీర కట్టుకునే ఆవిడకు అంచు మీద హంస కనిపిస్తే చాలు, అట్టతో పనిలేదు. కంప్యూటర్ విషయంలోనూ హాపర్ కోరుకున్నది అలాంటిదే.

1949లో ఆమె యూనివాక్ అనే కంప్యూటర్ తయారుచేసే కంపెనీలో చేరారు. 1952కల్లా, మనిషి రాసిన ఆదేశాలను యంత్రం అంకెల్లోకి తానే మార్చుకునే కంపైలర్ తయారుచేశారు. లెక్కల పండితులకు గుర్తులు ఇష్టం సరే, ఆఫీసులో జీతాలు, పద్దులు చూసే గుమాస్తాకు మాటలే కావాలి కదా అన్నది ఆమె ఆలోచన. అందుకని ఇంగ్లీషు మాటలతోనే ఆదేశాలు రాయనివ్వమన్నారు. కంప్యూటర్‌కు ఇంగ్లీషు ఎలా అర్థమవుతుందని పైవాళ్ళు కొట్టిపారేశారు. ఒప్పించడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ ప్రయత్నంలో జరిగిన ఒక సంగతి నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒకే ప్రోగ్రామును ఇంగ్లీషులోనే కాక ఫ్రెంచిలో, జర్మన్‌లో కూడా రాసి చూపించారు. పైవాళ్ళు మెచ్చుకుంటారనుకుంటే హడలిపోయారు. అమెరికా యంత్రం పరాయి భాష మాట్లాడటమేమిటని! యంత్రానికి ఏ మాటైనా ఒక గుర్తే, మాతృభాష అంటూ దానికేమీ ఉండదని ఆమెకు తెలుసు. భయమంతా మనుషులకే.

1959 ఏప్రిల్‌లో మేరీ హాస్ అనే మరో మహిళ చొరవతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఒక సమావేశం జరిగింది. ఏ కంపెనీ కంప్యూటర్‌లోనైనా పనిచేసే ఆఫీసు భాష ఒకటి కావాలని అక్కడ అనుకున్నారు. అలా పుట్టిందే కోబాల్. దాన్ని తయారుచేసింది ఒక బృందం, హాపర్ సలహాదారు. అయితే దానికి పునాది ఆమె ఫ్లోమాటిక్ భాషే. బ్యాంకులతో పాటు విశ్వవిద్యాలయాల ఆఫీసుల్లోకి కూడా కోబాల్ వెళ్ళింది. జీతాలు, ఫీజులు, మార్కుల జాబితాలు కంప్యూటర్ మీదికి ఎక్కాయి.

అందరూ సంతోషించలేదు. 1964లో బర్కిలీ విద్యార్థులు తమను మనుషులుగా కాక కార్డులుగా చూస్తున్నారని, పంచ్ కార్డులనే ఒంటికి తగిలించుకుని నిరసన తెలిపారు.

వాళ్ళ కోపం నాకు తెలుసు. మా ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న తమిళం. అమ్మ లెక్కలో పేరుకు ముందు ఇంటిపేరు రావాలి. నాన్న లెక్కలో తండ్రి పేరులోని మొదటి అక్షరం చాలు. నిరుడు ఒక స్కాలర్‌షిప్ కోసం కంప్యూటర్‌లో వివరాలు నింపుతుంటే ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్ళు వచ్చాయి. రెండోదాంట్లో ఒక్క అక్షరం పెడితే ఒప్పుకోలేదు. నాన్న పేరు పూర్తిగా పెట్టాం. మార్కుల జాబితాలోని పేరుతో కలవలేదని దరఖాస్తు తిరిగొచ్చింది. ఆ ఫీజుకు అమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. యంత్రాన్ని తిట్టి ఏం లాభం? మన పేర్లు ఎలా ఉంటాయో అడగకుండా ఆ గళ్ళు గీసింది మనుషులే.

కంప్యూటర్లు రాకముందూ ఇదే కథ. హాపర్ నౌకాదళంలో చేరిన రోజుల్లోనే మన మద్రాసులో, గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎ. లలితగారు చదువు ముగించారు. తెలుగింటి ఆడపడుచు, పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, చంటిబిడ్డతో చదువుకున్న మనిషి. ఆమెకు, తోటి ఇద్దరు అమ్మాయిలకు ఇవ్వాల్సిన పట్టాల్లో అతడు అనే మాటే అచ్చయి ఉంది. దాన్ని కొట్టేసి ఆమె అని రాసిచ్చారు. కాగితం మీద కలంతో కొట్టేయొచ్చు. కంప్యూటర్ గడిలో ఆ వీలు లేదు. అందుకే ఆ గడి గీసేటప్పుడే మనవాళ్ళు అక్కడ ఉండాలి.

హాపర్ 1986లో, 79 ఏళ్ళ వయసులో రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. ఆమె ఆఫీసు గోడ మీది గడియారం వెనక్కి తిరిగేది. ఎప్పుడూ ఇలాగే చేస్తున్నాం అనే జవాబు ఆమెకు గిట్టదు. ఉపన్యాసానికి వెళ్తే స్కేలంత పొడవున్న వైరు ముక్కలు పంచిపెట్టేవారు. సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో విద్యుత్తు పోగలిగే దూరం అంతేనని అలా కళ్ళకు కట్టేవారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. 2017లో యేల్ విశ్వవిద్యాలయం తన కళాశాలల్లో ఒకదానికి ఆమె పేరు పెట్టింది.

బి.ఎ. తెలుగు చదివేవాళ్ళకు కంప్యూటర్‌తో ఏం పని అని ఎవరైనా అడిగితే ఈమె కథ చెప్పండి. ఇంకో మాట. మీ పేరు కూడా ఏ ఫారంలోనైనా ముక్కలైందా? ఎలా ముక్కలైందో రాసి ఇవ్వండి. వచ్చే నెల ఇదే గోడ మీద అన్నీ వరసగా అంటిద్దాం.