ఓమ్ మాస్టారు కొలిచిన తీగలు

మీ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి భౌతికశాస్త్రంలో ఓమ్ నియమం నేర్చుకుంటారు. ఆ ఓమ్ ఒక స్కూల్ టీచర్ అని మీలో ఎంతమందికి తెలుసు? ఈ నెల ఆయన కథ చెప్పుకుందాం.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టారు. తండ్రి తాళాలు తయారుచేసే పనివారు. బడికి వెళ్లి చదువుకున్నది లేదు, తనంతట తాను చదువుకున్నారు. తాను నేర్చుకున్న గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలను కొడుకులు జార్జ్, మార్టిన్‌లకు ఇంట్లోనే చెప్పారు. జార్జ్‌కు పదేళ్లప్పుడు తల్లి చనిపోయింది.

1805లో యూనివర్సిటీలో చేరిన కొడుకు డాన్సులు, బిలియర్డ్స్, మంచు మీద స్కేటింగ్‌లలో మునిగిపోయాడు. తండ్రికి ఒళ్లు మండింది. మూడు సెమిస్టర్లకే చదువు మాన్పించి స్విట్జర్లాండ్ పంపేశారు. అక్కడ ఒక బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం. ఆ తండ్రి చేసింది న్యాయమేనా అంటే మీ ఇంట్లోనే రెండు అభిప్రాయాలు రావచ్చు! ఏమైనా జార్జ్ సొంతంగా చదువుకుంటూనే ఉన్నారు. 1811లో ఎర్లాంగెన్ తిరిగివచ్చి డాక్టరేట్ తీసుకున్నారు.

1817లో కొలోన్ నగరంలోని ఒక స్కూల్లో ఉద్యోగం దొరికింది. అక్కడి ల్యాబ్ బాగుండేది. తండ్రి దగ్గర నేర్చిన పనితనం ఉంది కాబట్టి కావలసిన పరికరాలు తానే చేసుకునేవారు. తీగ పొడవు మారితే కరెంటు ఎంత మారుతుందో కొలవాలన్నది ఆయన పట్టుదల. అప్పటి బ్యాటరీలతో అది కుదరలేదు, వాటి బలం నిలకడగా ఉండేది కాదు. అందుకని రెండు లోహాలను అతికించి, ఒక అతుకును మరిగే నీళ్లలో, మరొకదాన్ని మంచులో ఉంచారు. ఆ వేడి తేడా వల్ల పుట్టే కరెంటు నిలకడగా ఉంటుంది. వేర్వేరు పొడవులున్న ఎనిమిది రాగి తీగలను ఒక్కొక్కటిగా కలిపి, అయస్కాంత సూది ఎంత తిరుగుతోందో రాసుకున్నారు. తీగ పొడవు పెరిగేకొద్దీ నిరోధం అదే లెక్కన పెరుగుతోందని తేలింది.

దాంతో ఏమిటి లాభం అంటారా? అమెరికాలోనో కెనడాలోనో చలి ప్రాంతాల్లో మీ బంధువులు ఉంటే అడగండి. అక్కడ నీళ్లు గడ్డకట్టి పైపులు పగులుతాయి. అందుకని పైపుకు హీటింగ్ కేబుల్ బిగించి, పైన దళసరి తొడుగు వేస్తారు. ఆ తర్వాత కేబుల్ కంటికి కనబడదు. లోపల దెబ్బతింటే చలికాలంలో పైపు పగిలాకే తెలుస్తుంది, లేదా షాక్ కొట్టాకో నిప్పు అంటుకున్నాకో తెలుస్తుంది. అందుకే కేబుల్ బిగించక ముందు, బిగించాక, తొడుగు వేశాక పరీక్షిస్తారు. కరెంటు ఇచ్చేది ఆ తర్వాతే. మెగ్గర్ అనే మీటరుతో లోపలి తీగకూ, దాని చుట్టూ ఉండే లోహపు జాలికీ మధ్య ఇన్సులేషన్ నిరోధం చూస్తారు. అది మెగా ఓమ్‌లలో, అంటే పది లక్షల ఓమ్‌ల లెక్కలో ఉండాలి. బిగించాక బాగుండి, తొడుగు వేశాక పడిపోయిందంటే మధ్యలో ఏ స్క్రూనో గుచ్చుకుందన్నమాట.

ఒకే తీగ ఉన్న రకమైతే తప్పు ఎక్కడుందో కూడా చెప్పొచ్చు. 100 మీటర్ల కేబుల్‌లో తీగ ఒకచోట జాలికి గట్టిగా తగులుకుందనుకోండి. తీగకూ జాలికీ మధ్య ఒక చివర 30 ఓమ్‌లు, రెండో చివర 70 ఓమ్‌లు చూపిస్తే, తప్పు మొదటి చివర నుంచి దాదాపు 30 మీటర్ల దగ్గర ఉంటుంది. తొడుగు మొత్తం విప్పక్కర్లేదు. పొడవును బట్టి నిరోధం అన్న ఆ ఎనిమిది తీగల లెక్కే ఇది.

ఈ ఫలితాలను ఓమ్ 1827లో పుస్తకంగా వేశారు. మంచి ప్రొఫెసర్ ఉద్యోగం వస్తుందని ఆశపడ్డారు, రాలేదు. భౌతికశాస్త్రంలో అంత గణితం జర్మనీలో చాలామందికి రుచించలేదు. కొలోన్ ఉద్యోగం వదిలేసి, బెర్లిన్‌లో చిన్నాచితకా పాఠాలు చెప్పుకుంటూ ఏళ్లు గడిపారు. 1833లో న్యూరెంబర్గ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. మ్యూనిక్ యూనివర్సిటీలో భౌతికశాస్త్ర ప్రొఫెసర్ పదవి 1852లో వచ్చింది. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. ఆ కుర్చీలో రెండేళ్లే కూర్చున్నారు, 1854లో కన్నుమూశారు. నిరోధాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరును పారిస్ అంతర్జాతీయ సమావేశం ఖాయం చేసింది 1881లో.