మాదన్న మంత్రి – ఛత్రపతి మైత్రి

భద్రాచలమునకు పోవు యాత్రికుడు సారపాక చేరినంతనే గోదావరి ఎదురగును. ఆవలి ఒడ్డే భద్రాద్రి. 1965లో వారధి వెలసిన పిమ్మట నదిని దాటుట నిమిషముల పనియైనది గాని, అంతకుపూర్వము ఈ తీరమున పడవకొరకు వేచియుండక తప్పెడిది కాదు. అట్టి గడియలలో రామదాసు కథ జ్ఞప్తికి రాకుండుట అరుదు. నేలకొండపల్లి వాసియైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారై, సర్కారునకు చెల్లవలసిన పైకముతో శ్రీరామునకు కోవెల కట్టించి, గోలకొండ చెరసాలలో ఏండ్ల తరబడి మ్రగ్గిన కథ తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ కథలో అక్కన్న, మాదన్న అను ఇరువురు మేనమామలు కానవత్తురు. మేనల్లునకు కొలువిప్పించుటతో వారి పని తీరిపోవును. పిదప వారు తెరచాటున నిలిచిపోవుదురు. హరికథలలో మాదన్నకు దక్కిన చోటు ఇంతియే. బెజవాడ ఇంద్రకీలాద్రి పాదమున గల గుహలకు ఈ సోదరుల పేరు అంటిపెట్టుకొని యున్నది. అవి వారికి వేయేండ్లు ముందటివి. చేసిన పని మరుగునపడి, చేయని పనికి పేరు నిలుచుట మన చరిత్రలో తరచుగ జరుగుచున్నదే. ఆ మరుగుపడిన పనులలో మొదట లెక్కింపదగినది, తనకంటె బలవంతుడును, ఎప్పుడేమి చేయునో ఎవరికిని అంతుపట్టని వాడునైన మిత్రునితో, బలహీన రాజ్యము పక్షమున మాదన్న నెరపిన మైత్రి. ఆ మిత్రుడు ఛత్రపతి శివాజీ.

మాదన్న హనుమకొండ ప్రాంతపు పేద బ్రాహ్మణ కుటుంబమున పుట్టినవాడు. తండ్రి భానోజీ పంతులు. లెక్కలలోను వ్రాతకోతలలోను నేర్పు సంపాదించి, గోలకొండ ప్రముఖులలో ఒకడైన సయ్యద్ ముజఫర్ కడ కొలువునకు చేరెను. 1672లో అబ్దుల్లా కుతుబ్‌షా పుత్రసంతతి లేక మరణింపగా, ఆయన అల్లుడు అబుల్ హసన్‌ను సింహాసన మెక్కించినవారిలో ఈ ముజఫరే ముఖ్యుడు. మన కథలలోని తానీషా ఈ అబుల్ హసనే. సింహాసన మెక్కించినవాడు రాజును తన గుప్పిట నుంచుకొన జూచెను. రాజునకు అది రుచింపలేదు. ముజఫర్ లెక్కలన్నియు ఎరిగిన మాదన్న రాజు పక్షమున చేరి, యజమానుని బలమును లోలోపలనే కరగించివైచెను. 1674 నాటికి మీర్ జుమ్లా పదవియు, సూర్యప్రకాశరావను బిరుదమును ఆయనవైనవి. ఉప్పుతిన్న యింటికి ఎగ్గుచేసి పైకి వచ్చెనన్న మాట మాదన్నపై నుండక తప్పదు. దానిని కప్పిపుచ్చుట చరిత్రకు న్యాయము కాదు.

ఆయన చేతికి వచ్చిన రాజ్యము భాగ్యవంతము, బలవంతము కాదు. వజ్రపు గనులు, మచిలీపట్టణపు వర్తకము, కృష్ణా గోదావరుల నడిమి పంటభూములు దాని సిరి. కాని 1636లో షాజహానుతో చేసికొన్న ఒడంబడిక ప్రకారము ఏటేట రెండు లక్షల హొన్నులు ఢిల్లీకి కప్పము కట్టవలసియుండెను. 1656లో దక్కను సుబేదారుగా నున్న ఔరంగజేబు గోలకొండ కోటనే ముట్టడించి, తండ్రి యానతి వలన మాత్రమే వెనుదిరిగెను. ఇప్పుడాతడే పాదుషా. పొరుగున బిజాపూరు బాలుడైన సికందరు క్రింద ఆఫ్ఘనులు, దక్కనీల తగవులతో చీలిపోవుచుండెను. ధనమున్నది, కాచువాడు లేడు. మాదన్నకు మిగిలిన లెక్క ఇదియే.

పడమట శివాజీ పరిస్థితి ఇందులకు తలక్రిందులు. ఆయనకు సేన కలదు. 1674 పట్టాభిషేక వ్యయముతో బొక్కసము తరిగిపోయెను. అయినను ఆయనతో చెలిమి సులభమైనది కాదు. 1663లో నడిరేయి షాయిస్తాఖాను బిడారుపై బడినవాడు, మరుసటి యేడు సూరతును కొల్లగొట్టినవాడు, 1666లో ఆగ్రా కావలిని తప్పించుకొని పోయినవాడు ఆయనయే. మొగలులతో ఒకప్పుడు సంధి, ఒకప్పుడు సమరము. ఆయన తలంపును ముందుగా పసిగట్టగలిగిన ప్రభువు నాటి దక్కనులో లేడు. కుతుబ్‌షా ఆయనను నగరమునకు ఆహ్వానించుటకు మొదట వెనుదీసె ననుటలో వింతలేదు.

నడుమ నిలిచి సంధానము చేసినవాడు రఘునాథ నారాయణ హనుమంతే. శివాజీ తండ్రి షహాజీకి కర్ణాటకమున జాగీరు లుండెను. అవి సవతి తమ్ముడు ఏకోజీ అధీనమున నున్నవి. ఏకోజీ కొలువు విడిచి వచ్చిన రఘునాథ పంతు భాగ్యనగరమున మాదన్నను కలిసికొనెను. పండితుడైన ఆయనకును మాదన్నకును స్నేహము త్వరలోనే కుదిరినదని మరాఠీ బఖరులు చెప్పును. గోలకొండలో మరాఠా రాయబారిగా నున్న ప్రహ్లాద నీరాజీయు తోడుపడెను. రాజునకు ధైర్యము చెప్పి ఒప్పించు పని మాత్రము మాదన్నదే.

1677 ఆరంభమున శివాజీ మహాసేనతో భాగ్యనగరమునకు వచ్చెను. దారిలో ప్రజల సొత్తు ముట్టరాదని ఆజ్ఞ. తప్పినవారిని కఠినముగ శిక్షించెను. సూరతు సంగతి విని గుండెలు పట్టుకొన్న పురజనులు వీధులు అలంకరించి స్వాగతమిచ్చిరి. కుతుబ్‌షా ఎదురేగ దలపగా, అన్నవంటి ప్రభువు తమ్మునకై వెడలి రానక్కరలేదని శివాజీ వారించెనట. దాద్‌మహలున ఇరువురును ఒకే ఆసనమున కూర్చుండి చాలసేపు ముచ్చటించిరి. మాదన్న యింట విందు జరిగినది. ఆయన తల్లి స్వయముగా వండి వడ్డించినదని కథనము.

ఈ సందర్భపు మరియొక కథ కలదు. శివాజీకి ఏనుగులెన్ని గలవని కుతుబ్‌షా అడుగగా, ఆయన తన మావళీ భటులను చూపెననియు, వారిలో యేసాజీ కంకు అనువాడు మదపుటేనుగును ఎదిరించి నిలిచెననియు చెప్పుదురు. కథ అతిశయోక్తి కావచ్చును. దాని సారము మాత్రము ఆనాటి సభలో అందరికిని తెలిసిన విషయమే. తమ్ముడని పిలిపించుకొన్న అతిథి బలము ఆతిథేయుని బలముకంటె పెద్దది. మర్యాద యంతయు ఆయన దయచేసినంతవరకే.

ఒడంబడిక రహస్యముగ జరిగెను. శివాజీ సేనకు దినమునకు 3,000 హొన్నులు గోలకొండ యీయవలెను. నెలకు ఇది 90,000 హొన్నులు, నాటి మారకమున నాలుగున్నర లక్షల రూపాయలు. 1,000 గుఱ్ఱములు, 4,000 కాల్బలము మీర్జా మహమ్మదు అమీను నాయకత్వమున తోడుగ పంపవలెను. ఫిరంగులు, మందుగుండు సైతము గోలకొండవే. ఏటేట లక్ష హొన్నుల భృతి యధాప్రకారము చెల్లును. ఇందులకు ప్రతిగా, కర్ణాటకమున జయించిన భూములలో షహాజీ జాగీరు కానివి కుతుబ్‌షాకు ముట్టవలెను. మొగలులు దండెత్తినచో ఉభయులును ఒకటై నిలువవలెను.

ఈ షరతులలో గోలకొండ యిచ్చునదంతయు అంకెలలో నున్నది. శివాజీ యిచ్చునది మాటలలో నున్నది. షహాజీ జాగీరు ఎచ్చటితో ఆగును? ఏ కోట ఎవరిది? తీర్పు చెప్పువాడెవడు? కాసు కాసునకు లెక్క వ్రాయ నేర్చిన మాదన్నకు ఈ లోపము తోచకుండ నుండునా? తోచియే యుండును. ఎల్లలు గీయుమని పట్టుపట్టినచో ఒడంబడికయే కుదిరెడిది కాదు. ఔరంగజేబునకు కప్పము కట్టుచు ఆతనిచేతనే మ్రింగబడుటకంటె, తెలిసి తెలిసి ఈ వెలితిని సహించుట మేలని ఆయన తలచినట్లు కానవచ్చును.

రోజునకు 3,000 హొన్నులనగా ఎంతయో తెలియవలెనన్నచో మరల గోదావరి యొడ్డునకు రావలెను. గోపన్న భద్రాద్రిపై వెచ్చించినది ఆరు లక్షలని జనశ్రుతి. అవి వరహాలే యైనచో, ఆ మొత్తము శివాజీ సేనకు 200 దినముల భృతి. గోపన్న చెరసాల కాలమును చరిత్రకారులు ఏకముగ నిర్ణయింపలేదు గాన రెంటిని ముడిపెట్టి కథ అల్లుట తగదు. అయినను, బొక్కసమున ప్రతి హొన్నునకు ఎదురుచూపులు గల ఆ యేండ్లలో పరగణా పైకము తగ్గుట చిన్న విషయము కాదు. బంధువులకు పదవులిచ్చుచున్నాడని అమీరులు అదివరకే గుసగుసలాడుచుండిరి. మేనల్లుని కాపాడని మేనమామయని మాదన్నను నిందించువారు ఈ సంగతి తలపవలెను.

భాగ్యనగరమున నెల దినములు గడపి శివాజీ కృష్ణను దాటి శ్రీశైలమున కొన్నాళ్లు నిలిచి, దక్షిణమునకు సాగెను. మే మాసమున జింజి దుర్గము చేజిక్కెను. వేలూరు ముట్టడి మొదలయ్యెను. షేర్‌ఖాన్ లోడీ ఓడిపోయెను. కొల్లిడము నదికి చేరువ ఏకోజీతో సమావేశము జరిగెను. జయము మీద జయము. గోలకొండ సేనానులు కోటలు తమకు అప్పగింతురని ఎదురుచూచిరి. శివాజీ జింజికి క్రొత్త ప్రాకారములు కట్టించుచు, తన యుద్యోగులను నియమించుచు, పన్ను లెక్కలు తిరుగవ్రాయించుచుండెను. ఒక్క కోటయు కుతుబ్‌షాకు దక్కలేదు. మీర్జా మహమ్మదు అమీను సేన రిక్తహస్తములతో మరలెను. సంవత్సరాంతమునకు శివాజీ జింజి మండలమును రఘునాథ పంతునకు అప్పగించి స్వదేశమునకు తిరిగెను. 1678లో వేలూరును లొంగినది, అదియు మరాఠాలకే.

మూడేండ్లకు ముందు అనుభవము వేరుగ నుండెను. 1672లో శాంతోమును ఫ్రెంచివారు ఆక్రమింపగా, డచ్చివారు గోలకొండతో కలిసి ముట్టడించి, 1674లో లొంగదీసిన పిదప ఆ రేవును గోలకొండకే అప్పగించిరి. డచ్చివారు ధర్మాత్ములై కాదు. కుతుబ్‌షా కాగితము లేక వారి వర్తకము సాగదు గనుక. శివాజీకి గోలకొండ నుండి అట్టి అక్కర ధనమొక్కటే. కర్ణాటకపు రాబడి చేతబడిన పిదప అదియు సగము తీరినది.

పైగా ఛత్రపతి దక్షిణమున నుండగనే, 1677లో మొగలు సేనాని దిలేర్‌ఖాను బిజాపూరు బహలోల్‌ఖానుతో కూడి గోలకొండపైకి వచ్చెను. శివాజీతో కూడినందులకే ఈ శిక్ష. మిత్రుడు దూరదేశమున నున్నాడు. గోలకొండ సేన తానొక్కతెయే నిలిచి వారిని వెనుకకు మరలించెను. గోలకొండ దర్బారున మాదన్న నెంతగా నిలదీసియుందురో ఊహింపవచ్చును.

ఇంత జరిగినను మాదన్న మైత్రిని తెంచలేదు. తెంచినచో ఇచ్చిన ధనము తిరిగిరాదు. ఢిల్లీ భయము తీరదు. పడమట క్రొత్త శత్రువొకడు తోడగును. ఆయన చేసినది వేరు. శివాజీ యొక్కనినే నమ్ముకొనక, 1678లో బిజాపూరున సిద్ది మసూదు అధికారమునకు వచ్చుటకు గోలకొండచే తోడుపాటు చేయించి, ఆ రాజ్యమును నిలబెట్టజూచెను. శివాజీ బిజాపూరును సైతము కబళింప దలచిన దినములలో ఇది ఆయనకు అడ్డుకట్ట. మరాఠాలతో కలహము పెట్టుకొనక, వారి చేతిలో చిక్కుకొనక నడచుట కత్తిమీది సాము. 1680 ఏప్రిలులో శివాజీ మరణించిన పిదప శంభాజీతోను ఈ బంధమునే సాగించెను. మూడు దక్కను రాజ్యములు కలిసి నిలిచిననే మొగలులు ఆగుదురన్న ఊహను ఆయన చివరివరకు విడువలేదు.

ఆ ఊహయే ఆయన ప్రాణము తీసెను. శంభాజీకి లక్ష హొన్నులు పంపుట ఔరంగజేబు గోలకొండపై మోపిన నేరములలో నొకటి. బ్రాహ్మణ మంత్రులకు రాజ్యమప్పగించుట మరియొకటి. 1685లో బిజాపూరు ముట్టడిలో నుండగా, దానికి సాయము పంపెదనని కుతుబ్‌షా వ్రాసిన జాబు మొగలుల చేత చిక్కెను. యువరాజు షా ఆలం దండెత్తి వచ్చెను. గోలకొండ సేనాధిపతి మీర్ మహమ్మదు ఇబ్రహీము శత్రువులలో కలిసిపోయెను. అక్టోబరులో భాగ్యనగరము కొల్లబోయినది. రాజు కోటలోనికి పారిపోయెను. శంభాజీ సేన వచ్చి ఆదుకొనలేదు. సంధి షరతులు కోటి యిరువది లక్షల రూపాయలు, ఏటేట రెండు లక్షల హొన్నులు, మాల్ఖేడు, సేడం సీమలు, అక్కన్న మాదన్నల తొలగింపు.

ధనమునకు ఒప్పుకొన్న అబుల్ హసన్ మంత్రులను తొలగించుటకు మాత్రము నెలలు జాగు చేసెను. సుఖలాలసుడని పేరుపడిన ఆ రాజు చూపిన ఈ పట్టుదల మెచ్చదగినది. కాని నగరపు దోపిడిలో సర్వము కోల్పోయిన అమీరులును, అంతఃపురమున అబ్దుల్లా కుతుబ్‌షా విధవలును ఇంక ఓర్వలేకపోయిరి. 1686 మార్చి మాసమున ఒక రాత్రి దర్బారు నుండి మరలివచ్చుచున్న మాదన్నను జంషీదను బానిస, మరికొందరును గోలకొండ వీధిలో పొడిచి చంపిరి. అక్కన్నయు అచ్చటనే కూలెను. మేనల్లుడు రుస్తుంరావును ఇంటివరకు తరిమి వధించిరి. మాదన్న శిరస్సును మొగలులకు కానుకగా పంపిరి.

ఆ కానుక గోలకొండకు కొనియిచ్చినది ఏడాదిన్నర కాలము. 1686 సెప్టెంబరున బిజాపూరు పడిపోయెను. మరుసటి యేడు సెప్టెంబరున, ఎనిమిది నెలల ముట్టడి పిదప, లోపలివాని ద్రోహమున గోలకొండ తలుపులు తెరచుకొనెను. అబుల్ హసన్‌ను దౌలతాబాదు కోటకు చెరగొనిపోయిరి.

శంభాజీని ఔరంగజేబు 1689లో పట్టి చంపించెను. ఆయన తమ్ముడు రాజారాము మారువేషమున దక్షిణమునకు పారిపోయి ఒక దుర్గమున తలదాచుకొనెను. 1698 వరకు మొగలు సేనలు దానిని సాధింపలేకపోయినవి. అది గోలకొండ హొన్నులతో శివాజీ గెలిచి, కుతుబ్‌షాకు అప్పగింపక తన కొరకు నిలుపుకొన్న జింజి.