హాల్డేన్ పండితుని జీవితము

మా చదువరులలో కవలపిల్లలను చూడనివారుండరు. ఒకరిని పిలువఁగా మఱొకరు పలుకుటయు, ఒకరు చేసిన యల్లరికి మఱొకరు శిక్ష ననుభవించుటయు పాఠశాలలలో నరుదు కాదు. చూచి నవ్వుకొని యూరకుండుట లోకరీతి. ఈ పోలిక పుట్టుకవలన వచ్చినదా, పెంపకమువలన వచ్చినదా యని ప్రశ్నించి, కవలల సాయముననే యుత్తరము కనుఁగొనఁ బూనినవారు కొందఱు కలరు. 1875వ సంవత్సరమున నింగ్లాండునందు ఫ్రాన్సిస్ గాల్టన్ అను పండితుఁడు కవలలకును వారి బంధువులకును ప్రశ్నలు వ్రాసి పంపి, వారిచ్చిన యుత్తరములను బట్టి వ్యాసమును ప్రకటించెను. 1954వ సంవత్సరమున డెన్మార్కు దేశమునందు కవలల పట్టిక యొకటి యేర్పడెను. పిమ్మట పెక్కు దేశములవా రీ మార్గము ననుసరించిరి.

ఈ పరిశోధన కాధారమైన సూత్రము సులభమైనదే. ఒకే పిండము రెండుగాఁ జీలి పుట్టిన కవలలకు జన్యువులన్నియు నించుమించుగా నొక్కటియే. రెండు పిండములనుండి యొక్కమాఱే పుట్టిన కవలలు తక్కిన తోఁబుట్టువులవలెనే సగటున సగము జన్యువులను మాత్రమే పంచుకొందురు. ఒక వ్యాధి మొదటి తెగవారిలో నిద్దఱకును వచ్చుట తఱచై, రెండవ తెగవారిలో నరుదైనచో, ఆ వ్యాధియందు పుట్టుకకు భాగము గలదని యూహింపవచ్చును. కాని యింతటి పనికిని మూలధనము యంత్రములు గావు. తమ దేహమును, తమ యింటి వృత్తాంతమును నమ్మి యిచ్చు సామాన్యజనులే మూలధనము. ఆ నమ్మకమునకుఁ దగినట్లు శాస్త్రజ్ఞుఁ డెట్లు మెలఁగవలయునో తన జీవితమున జూపి, తుదకుఁ దన శరీరమును మన తెలుఁగుదేశమునకే యిచ్చిపోయిన జె. బి. యస్. హాల్డేన్ పండితుని చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఇతఁడు 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డు పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన ప్రసిద్ధుఁడు. గనులలో విషవాయువులచేఁ బనివాండ్రు చనిపోవుచుండఁగా, ఆ తండ్రి తానే గనులలోనికి దిగి యా వాయువులను బీల్చి పరీక్షించువాఁడు. కుమారునిఁ గూడ బాల్యమునుండియే వెంటఁగొని పోవుచుండెను. ఒకమాఱు గనిలో కప్పుక్రింద మండెడు వాయువు నిండియున్న చోట బాలుని నిలువఁబెట్టి, షేక్స్పియరు నాటకములోని యొక యుపన్యాసమును జదువుమనెను. కొంత చదువునప్పటికే బాలునికి ఊపిరి చాలక కాళ్లు తేలిపోయి నేలఁ గూలెను. ఆ వాయువు గాలికంటెఁ దేలికయైనదగుటచే నేలయొద్ద మంచిగాలి యుండెను, బాలుఁడు తేఱుకొనెను. ఆ పాఠము నాతఁ డెన్నఁడును మఱవలేదు.

ఆక్స్‌ఫర్డునందు గణితమును, ప్రాచీన భాషలను జదివి, మొదటి ప్రపంచయుద్ధమున సైనికోద్యోగియయ్యెను. 1915వ సంవత్సరమున శత్రువులు విషవాయువును బ్రయోగింపఁగా, తండ్రితోఁ గూడి యా వాయువును దానే పీల్చి, దానిని దప్పించుకొను సాధనములను బరీక్షించెను. మెసొపొటేమియాలో గాయపడి, చికిత్సకై 1917వ సంవత్సరమున భారతదేశమునకు వచ్చెను. ఇచ్చటి ప్రజలతో సమానుఁడుగా మెలఁగఁగల కాలము వచ్చినపుడు మరల రావలయునని యప్పుడే సంకల్పించుకొనెను.

తరువాత కేంబ్రిడ్జియందును, లండను విశ్వవిద్యాలయ కళాశాలయందును బనిచేసి, ప్రకృతివరణమును గణితముచే నిరూపించినవారిలో నగ్రగణ్యుఁడయ్యెను. కుటుంబముల వంశవృక్షములనుండి యెంత జ్ఞానము లభించునో యితఁడు చూపెను. రక్తము గడ్డకట్టని వ్యాధిగల కుటుంబములను లెక్కించి, ఆ దోషము క్రొత్తగాఁ బుట్టు వేగమును 1935వ సంవత్సరమున నంచనా వేసెను. 1937వ సంవత్సరమున జూలియా బెల్ అను విదుషితోఁ గలిసి, ఆ వ్యాధియు రంగులు గుర్తింపలేని లోపమును ఒకే క్రోమోజోముపై సమీపమున నున్నవని తేల్చెను.

ఇతరుల దేహములను లెక్కించుటతోఁ దృప్తిపడక, తన దేహమును గూడ పరీక్షకొడ్డెను. రక్తమున నామ్లముహెచ్చినచో నేమగునో తెలియుటకై లవణద్రావణములను ద్రాగి దినములకొలఁది రొప్పుచుండెను. 1939వ సంవత్సరము జూన్ 1వ తేదీన థీటిస్ అను జలాంతర్గామి మునిఁగి 99 మంది మరణించిరి. అట్టి యాపదనుండి తప్పించుకొను మార్గమును వెదకుటకై హాల్డేన్ ఇనుపగదులలో గూర్చుండి, మిక్కిలి యొత్తిడిగల గాలిని బీల్చెను. పిమ్మట నతని భార్యయైన హెలెన్ స్పర్వే విదుషియు నిట్టి పరీక్షలలోఁ బాల్గొనెను. మూర్ఛలు వచ్చి యితని వెన్నెముక దెబ్బతినెను, చెవిపొరలు చిల్లులుపడెను. ఆ చిల్లి గుండఁ బొగాకు పొగను విడువవచ్చునని పరిహాసమాడుట కూడ నతని స్వభావమే.

ఇతనియందు దోషములు లేవని మేము చెప్పఁబోము. కోపము మెండు. రాజకీయాభిమానముచే, రష్యాదేశమున లైసెంకో పక్షమువారు జన్యుశాస్త్రజ్ఞులను బాధించుచుండఁగా, చాలకాలము గట్టిగా ఖండింపకపోయెను. వావిలోవ్ వంటి మహాశాస్త్రజ్ఞుఁడు 1943వ సంవత్సరమున చెఱలోనే మరణించెను. ఈ మౌనము హాల్డేన్ కీర్తికిఁ గళంకమే.

కాని మఱొక విషయమున నితఁడు కాలమునకు ముందు నడచెను. పుట్టుకను బట్టి మనుష్యులను హెచ్చుతగ్గులుగా విభజించి, కొందఱకు సంతానము కలుగకుండఁ జేయవలెనను వాదము నాఁడు విద్వాంసులలోనే ప్రబలియుండెను. హాల్డేన్ 1938వ సంవత్సరమున గ్రంథము వ్రాసి దాని దోషములను జూపెను. పుట్టుక యింత, పెంపకము ఇంతయని తక్కెడలోఁ దూఁచుట యన్నివేళల సాధ్యము కాదనియు, ఒక పరిస్థితిలో మేలైనవాఁడు మఱొక పరిస్థితిలో వెనుకఁబడవచ్చుననియు 1946వ సంవత్సరమున వివరించెను. ఆ వాదము వికటించినచో నేమగునో ఔష్విట్జ్ బందీశిబిరము చాటినది. అచ్చట మెంగెలె అను వైద్యుఁడు కవలబాలురను, బాలికలను నిర్బంధించి కొలతలు కొలిచి, ఘోరమైన పరీక్షలు చేసి, పెక్కుమందిని జంపించెను. 1947వ సంవత్సరమున నూరెంబర్గు న్యాయస్థానము, మనుష్యునిపైఁ జేయు పరీక్షకు ఆ మనుష్యుని స్వేచ్ఛాపూర్వకమైన యంగీకారము తప్పనిసరియని నిర్ణయించెను.

1957వ సంవత్సరమున హాల్డేన్ భార్యాసమేతముగా భారతదేశమునకు వచ్చి, మహాలనోబిస్ పండితుఁడు స్థాపించిన కలకత్తాలోని గణాంకశాస్త్రసంస్థలోఁ జేరెను. ధోవతి, లాల్చీ ధరించి, శాకాహారియై, భారత పౌరుఁడయ్యెను. ఖరీదైన యంత్రములు లేకున్నను, కన్నులును, ఓర్పును, లెక్కయు నున్నచో గొప్ప శాస్త్రము సాధ్యమని యువకులకు బోధించెను. ప్రాణులను హింసింపక పరిశోధించుటయే యీ దేశమునకుఁ దగినదని యతని యభిప్రాయము.

ఆ శిష్యులలో నొకఁడు మన పిఠాపురమునఁ బుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. ఇతఁడు మీరాఖాన్ అను వైద్యునితోఁ గలిసి ఆంధ్రప్రదేశమునందలి రక్తసంబంధపు వివాహములను బరిశీలించి, 1960వ సంవత్సరమునందును 1963వ సంవత్సరమునందును వ్యాసములు ప్రకటించెను. మన యిండ్లలో మేనమామకుఁ బిల్ల నిచ్చుటయు, మేనరికము చేయుటయుఁ దఱతరములుగా వచ్చుచున్న యాచారము. ఒకే పూర్వికుని జన్యువు తల్లిదండ్రు లిరువురి వైపునుండియు బిడ్డకుఁ జేరు నవకాశము మేనమామ వివాహమున 8లో 1 వంతు. మేనత్త మేనమామ బిడ్డల వివాహమున 16లో 1 వంతు. దాగియున్న దోషము రెండువైపులనుండి కలిసినచో వ్యాధిగా బయటఁబడవచ్చును. ఈ సంగతులు తెలిసినది ఎవరివలన? నీ తల్లికిని తండ్రికిని నేమి చుట్టఱికమని యడుగఁగా, దాఁచక చెప్పిన సామాన్య కుటుంబములవారివలన.

ఇందులకు మఱొక నిదర్శనము. చెవులపై వెండ్రుకలు తండ్రినుండి కుమారునికే వచ్చునని ద్రోణంరాజు ఆంధ్రదేశపు వంశవృక్షములను బట్టి 1960వ సంవత్సరమున వ్రాసెను. 2004వ సంవత్సరమున దక్షిణభారత పురుషుల జన్యుపదార్థమును బరీక్షించిన వేఱొక బృంద మా నిర్ణయము నిలువదని చూపెను. శాస్త్రమున కిది యవమానము గాదు. ఒక తరమువా రిచ్చిన వృత్తాంతమును మఱొక తరమువా రిచ్చిన నమూనా సవరించినది.

1962వ సంవత్సరమున హాల్డేన్ భువనేశ్వరమునకు మాఱి యచ్చట పరిశోధనాలయమును నడపెను. పుట్టకుఱుపు వ్యాధి సోఁకఁగా, దానినిగూర్చి కూడ హాస్యపద్యములు వ్రాసెను. జనులు భయము విడిచి త్వరగా వైద్యునియొద్దకుఁ బోవలయునని యతని యుద్దేశము. 1964వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన దేహము చాలించెను. బ్రదికియుండఁగాఁ బరీక్షల కుపయోగపడిన శరీరము మరణానంతరమును విద్యార్థుల కుపయోగపడవలయునని మరణశాసనము వ్రాసియుంచెను. తదనుసారముగా నా శరీరము కాకినాడ రంగరాయ వైద్యకళాశాల కర్పింపఁబడెను.

బాలబాలికలారా, మన యోరుగంటియందును 1959వ సంవత్సరమునుండి కాకతీయ వైద్యకళాశాల కలదు. ప్రతి వైద్యవిద్యార్థియుఁ దొలుతఁ జదువు పుస్తకము మనుష్యశరీరమే. ఆ పుస్తకమును ఎవరో యొకరు దానము చేయవలయును. పరిశోధకులు మీ యింటికి వచ్చి, కవలలను గూర్చియో, చుట్టఱికములను గూర్చియో ప్రశ్నించిన దినమున, భయపడకుఁడు, పరిహసింపకుఁడు. ఎందులకని యడుగుఁడు, మీ పేరును రహస్యమును గాపాడుదురాయని యడుగుఁడు, తల్లిదండ్రుల యనుమతిఁ బొందుఁడు. ఇష్టము లేనిచో వలదనుటకును మీకు హక్కు కలదు. అంగీకరించినచో సత్యమే చెప్పుఁడు. తల్లిదండ్రులారా, మీ బిడ్డల నడుగునట్లే వారి యభిప్రాయమును గూడ మన్నింపుఁడు. పరుల నడుగుటకు ముందు తన్నుఁ దాను పరీక్షకొడ్డిన యా పండితుని మార్గమిదియే. అట్టివానికే మన నమ్మకము నీయఁదగును.