అప్పుల సంస్థానమునకు దివాను

హైదరాబాదులోని సాలార్ జంగు ప్రదర్శనశాలకు పోయినవారు ముసుగు ధరించిన రెబెక్కా పాలరాతి ప్రతిమను చూడక మరలిరారు. 1876లో ఐరోపా యాత్ర చేసిన మొదటి సాలార్ జంగు దానిని ఇటలీలో కొనెను. కాని ఆయన మనస్సులోని కోరిక వేరు. తాకట్టుపడిన బేరారు రాష్ట్రమును విడిపించుటయే ఆ కోరిక.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో జన్మించెను. యౌవనమున కొంతకాలము ఖమ్మము ప్రాంతమున తాలూకాదారుగా పనిచేసి, శిస్తు వసూలు విధానమును దగ్గరనుండి చూచెను. 1853 మే నెలలో, దివానుగా నుండిన తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్కు మరణింపగా, ఇరువదినాలుగేండ్ల ప్రాయముననే ఆ పదవి ఆయనకు లభించెను.

అప్పటికి బొక్కసము వట్టిపోయి యుండెను. కంటింజెంటు సైన్యపు ఖర్చుల నిమిత్తము బేరారు, ధారాశివము, రాయచూరు అంతర్వేది కొలది దినములకు ముందే ఆంగ్లేయుల వశమయ్యెను. మిగిలిన తాలూకాలు పెక్కు సాహుకారులకును, అరబ్బు జమాదారులకును తాకట్టులో నుండెను. శిస్తు గుత్తేదారుల పాలయ్యెను. వారు రైతును పిండి రాబట్టినదానిలో సర్కారునకు చేరునది స్వల్పము.

సాలార్ జంగు మొదట పరపతిని నిలిపెను. ఋణదాతలతో ఒడంబడికలు చేసికొని, తాకట్టు తాలూకాలను క్రమముగా విడిపించెను. గుత్తపద్ధతిని తొలగించి, జీతముపై పనిచేయు తాలూకాదారులను నియమించెను. పంటలో పాలు తీసికొను బటాయికి మారుగా రొక్కపు శిస్తు ఏర్పరచెను. పలుచోట్ల నున్న టంకసాలలను మూయించి, రాజధానిలో హాలీ సిక్కాను ముద్రింపించెను. 1865లో జిలాబందీ జరిపి రాజ్యమును జిల్లాలుగా విభజించెను. రాబడి ఎరిగిన పిమ్మటనే వ్యయమును నిర్ణయించుట ఆయన నీతి.

1857 తిరుగుబాటులో ఆయన ఆంగ్లేయుల పక్షమున నిలిచెను. దీనిని స్వదేశద్రోహముగా నెంచినవారును కలరు. దానికి ప్రతిఫలముగా 1860లో ఆంగ్లేయులు ధారాశివ, రాయచూరు ప్రాంతములను తిరిగి యిచ్చి, 50 లక్షల రూపాయల బాకీని రద్దుచేసిరి. బేరారును మాత్రము విడువలేదు. బాకీ తీరినను భూమి రాలేదు. ఆయన ఎన్ని విన్నపములు పంపినను, ఇంగ్లండు వరకు పోయినను ఫలము లేకపోయెను.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి ఆయన మరణించెను. 1902లో బేరారు శాశ్వతమైన కౌలుపై ఆంగ్లేయులకే దక్కెను. ముప్పదియేండ్లు శ్రమించి బొక్కసమును నింపిన దివాను సయితము, పూర్వులు చేసిన యొక్క అప్పు కొనిపోయినదానిని మరల తేలేకపోయెను. రాజ్యకోశమును చేపట్టువారు మరువరాని పాఠమిది.