వరాహగిరి వెంకటగిరి

వి.వి.గిరిగా ప్రసిద్ధుడైన వరాహగిరి వెంకటగిరి (ఆగష్టు 10, 1894 - జూన్ 24, 1980) భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి, కార్మికోద్యమ నాయకుడు. రాష్ట్రపతిగానే ఆయన ఎక్కువమందికి తెలుసు. అయితే ఆయన జీవిత గమనాన్ని నిర్ణయించినవి డబ్లిన్ నగరంలో విద్యార్థిగా గడిపిన మూడేళ్ళని చెప్పవచ్చు.

బాల్యం

గిరి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా బరంపురంలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం ఒడిషా రాష్ట్రంలో ఉన్నది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. తల్లి సుభద్రమ్మ. బరంపురంలోని కళ్ళికోట కళాశాలలో చదివిన తరువాత, న్యాయశాస్త్రం అభ్యసించడానికి గిరి 1913లో ఐర్లండు వెళ్ళాడు.

డబ్లిన్ జీవితం

ఆ రోజుల్లో బారిష్టరు చదువుకు వెళ్ళే భారతీయులు ఎక్కువగా లండన్ చేరేవారు. గిరి చేరిన డబ్లిన్ కూడా బ్రిటిషు పాలనలోనే ఉన్నది, కానీ ఆ పాలనను ఎదిరిస్తున్న నగరం అది. ఆయన వెళ్ళిన సంవత్సరమే అక్కడ కార్మిక సంఘాన్ని వదలని సుమారు 20,000 మంది కార్మికులను యజమానులు పనిలోకి రానివ్వలేదు. ఆ పోరాటానికి నాయకులు జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానొలీ. కానొలీ ప్రభావం గిరిపై బలంగా పడింది.

గిరి కింగ్స్ ఇన్స్‌లో న్యాయశాస్త్రంతో పాటు యూనివర్సిటీ కాలేజిలోనూ చదివాడు. ఆ కాలేజిలో ఆంగ్ల సాహిత్యం బోధించిన థామస్ మక్‌డోనా ఐరిష్ స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన ఏడుగురిలో ఒకడు. 1916 ఏప్రిల్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు విఫలమైన తరువాత, మే నెలలో మక్‌డోనాను, కానొలీని బ్రిటిషు ప్రభుత్వం కాల్చి చంపింది. ఇరవై రెండేళ్ళు నిండని విద్యార్థికి ఇది పత్రికలో చదివిన వార్త కాదు, తన గురువుకు పడిన శిక్ష.

తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయన్న అనుమానంపై పోలీసులు గిరి బసను సోదా చేశారు. దేశం విడిచి వెళ్ళవలసిందిగా ఉత్తర్వు వచ్చింది. దీనివల్ల ఆయన న్యాయవిద్య మధ్యలో ఆగిపోయిందని కొందరు అనుకుంటారు గాని, 1916 జూన్‌లోనే ఆయన న్యాయవాదిగా అర్హత పొందాడు. పూర్తికానిది కళాశాల డిగ్రీ మాత్రమే.

కార్మికోద్యమం

స్వదేశం చేరిన గిరి మద్రాసులో న్యాయవాద వృత్తి చేపట్టి, సహాయ నిరాకరణోద్యమ కాలంలో దానిని వదలుకొన్నాడు. డబ్లిన్‌లో చూసిన సంఘబలాన్ని ఆయన రైల్వే కార్మికులలో నిర్మించాడు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను అహింసాయుతంగా నడిపాడు. 1926లోను, 1942లోను అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యాడు.

1936-37 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టాడు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో అదే శాఖ నిర్వహించాడు. కార్మిక వివాదాలు ట్రిబ్యునళ్ళ తీర్పులకంటే ఇరుపక్షాల చర్చలతోనే తీరాలన్నది ఆయన పట్టు. అయినా బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినపుడు, 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు.

రాష్ట్రపతి

ఉత్తర ప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, తరువాత ఉపరాష్ట్రపతిగా పనిచేశాడు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి, రెండవ ప్రాధాన్యపు ఓట్ల లెక్కింపులో మరొక తెలుగువాడైన నీలం సంజీవరెడ్డిపై గెలిచాడు. 1974 వరకు రాష్ట్రపతి పదవిలో ఉన్నాడు. 1975లో భారతరత్న పురస్కారం లభించింది. 1980లో మద్రాసులో మరణించాడు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టారు.