ఆర్. శివభోగం

ఆర్. శివభోగం (జూలై 23, 1907 - జూన్ 14, 1966) భారతదేశపు తొలి మహిళా అకౌంటెంట్, స్వాతంత్ర్య సమరయోధురాలు, సంఘసేవకురాలు. జాతీయోద్యమంలో జైలుకు వెళ్ళినందువలన వృత్తిలో ప్రవేశానికి అర్హత కోల్పోయే పరిస్థితి ఏర్పడగా, ఈమె న్యాయపోరాటం చేసి ఆ హక్కును సాధించుకున్నది. తరువాతి కాలంలో భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థకు చెందిన ఒక ప్రాంతీయ మండలికి అధ్యక్షత వహించిన తొలి మహిళగా ప్రసిద్ధి చెందినది.

బాల్యము, విద్యాభ్యాసము

శివభోగం మద్రాసులోని లేడీ విల్లింగ్డన్ ఉన్నత పాఠశాలలో చదివి, క్వీన్ మేరీస్ కళాశాల నుండి పట్టభద్రురాలైనది. 1914లో ప్రారంభమైన ఈ కళాశాల మద్రాసు నగరంలో స్త్రీల కొరకు ఏర్పడిన మొదటి కళాశాల. విద్యార్థి దశలోనే ఈమెపై సిస్టర్ సుబ్బలక్ష్మి ప్రభావం పడినది. బాల్యంలోనే భర్తను కోల్పోయిన సుబ్బలక్ష్మి, 1911లో పట్టభద్రురాలై, బాలవితంతువుల విద్య కొరకు జీవితాన్ని అంకితం చేసిన సంఘసంస్కర్త. స్త్రీ తన కాళ్ళపై తాను నిలబడాలన్న ఆలోచన శివభోగానికి ఈ సాహచర్యం వలననే కలిగినదని చెప్పవచ్చు.

కారాగారవాసము

స్వదేశీ ఉద్యమంచే ప్రభావితురాలై శివభోగం జాతీయోద్యమంలో పాల్గొన్నది. ఫలితంగా ఒక సంవత్సరం పాటు వేలూరు జైలులో శిక్ష అనుభవించినది. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్న దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను కూడా ఇదే జైలులో నిర్బంధించారు. అకౌంటెన్సీని వృత్తిగా స్వీకరించాలని శివభోగం నిర్ణయించుకున్నది జైలులో ఉన్నప్పుడే. అప్పటికి దేశంలో ఏ స్త్రీ కూడా ఈ వృత్తిలో లేదు.

నాటి వృత్తి అర్హతలు

1913 నాటి భారత కంపెనీల చట్టం ప్రకారం కంపెనీల లెక్కలను తనిఖీ చేయుటకు ప్రభుత్వ ధ్రువపత్రం తప్పనిసరి అయినది. 1918లో బొంబాయిలో గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ (జి.డి.ఎ.) ప్రారంభమైనది. పరీక్షలో ఉత్తీర్ణతతో పాటు, గుర్తింపు పొందిన అకౌంటెంట్ వద్ద మూడు సంవత్సరాల శిక్షణ కూడా దీనికి అవసరము. 1932లో వచ్చిన ఆడిటర్ల ధ్రువపత్రాల నియమావళితో దేశమంతటికీ ఒకే పట్టిక ఏర్పడినది. అందులో పేరు నమోదైన వారిని రిజిస్టర్డ్ అకౌంటెంట్లు అని పిలిచేవారు. నాడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన నెల్లూరు మొదలైన తెలుగు జిల్లాలకు కూడా ఈ నియమాలే వర్తించేవి.

న్యాయపోరాటము

శివభోగం 1933లో జి.డి.ఎ. పరీక్షలో ఉత్తీర్ణురాలైనది. మద్రాసులో పేరుపొందిన ఆడిటరు సి.ఎస్. శాస్త్రి వద్ద శిక్షణ పొందినది. అయితే జైలుశిక్ష అనుభవించినవారు అకౌంటెంట్లుగా నమోదు కారాదన్న నాటి ప్రభుత్వ నిబంధన ఈమెకు అడ్డుగా నిలిచినది. పరీక్షలో నెగ్గినా, పేరు పట్టికలో లేనిదే స్వంతంగా వృత్తి చేయుట సాధ్యం కాదు. ఆ నిబంధనపై ఈమె న్యాయస్థానాన్ని ఆశ్రయించి విజయం సాధించినది. 1937లో స్వంతంగా వృత్తిని ప్రారంభించినది. పరీక్ష ఉత్తీర్ణతకు, వృత్తి ఆరంభానికి మధ్య నాలుగు సంవత్సరాలు గడిచినవి.

ప్రాంతీయ మండలి అధ్యక్షురాలిగా

చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 జూలై 1న అమలులోకి వచ్చి, భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఏర్పడినది. అంతకు ముందు ప్రభుత్వం చేతిలో ఉన్న నమోదు, పరీక్షలు, క్రమశిక్షణ అధికారాలు ఈ సంస్థకు సంక్రమించినవి. ఈ సంస్థకు చెందిన దక్షిణ భారత ప్రాంతీయ మండలికి శివభోగం 1955 నుండి 1958 వరకు వరుసగా మూడు సంవత్సరాలు అధ్యక్షురాలిగా పనిచేసినది. ఆంధ్ర ప్రాంతపు ఆడిటర్లు కూడా ఈ మండలి పరిధిలోని వారే. ఒకనాడు పట్టికలో చేరుటకే న్యాయస్థానానికి వెళ్ళవలసి వచ్చిన వ్యక్తి, ఆ వృత్తివారందరికీ దక్షిణాదిన నాయకత్వం వహించుట విశేషము.

వ్యక్తిత్వము, బహుమతి

శివభోగం గాంధేయవాది, ఖద్దరు ధరించేది. వృత్తిలోనికి మరింతమంది స్త్రీలు రావాలన్న ఆకాంక్షతో 1956లో ఒక బహుమతిని నెలకొల్పినది. చార్టర్డ్ అకౌంటెన్సీ తుది పరీక్షలో స్త్రీలలో అత్యుత్తమ ప్రతిభ చూపిన వారికి దీనిని ఇచ్చుటకు ఏర్పాటు చేసినది.

మరణము

శివభోగం 1966, జూన్ 14న తన 58 సంవత్సరాల వయసులో మరణించినది.