లయబ్రహ్మ ఆదిభట్ల నారాయణదాసు

సభలో పాట పాడుట ఒక విద్య. ఒక పాటనుండి మరియొక పాటకు, ఒక తాళమునుండి మరియొక తాళమునకు, సభ చెదరకుండ దాటుట వేరొక విద్య. ఈ రెండవ విద్యలో ఆంధ్రదేశమున సాటిలేనివారనిపించుకొన్న మహనీయులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు.

వారు 1864వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన బొబ్బిలి ప్రాంతమునందలి అజ్జాడ గ్రామమున వేంకటచయనులు, లక్ష్మీనరసమ్మ దంపతులకు జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. బొబ్బిలిలో వాసా సాంబయ్యగారి యొద్ద సంగీతాభ్యాసమునకు పూనిరి. పిమ్మట విజయనగరమున ఆంగ్లవిద్య నేర్చిరి.

1883లో చెన్నపట్టణమునుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారు విజయనగరమున హరికథ చెప్పిరి. దానిని వినుటతో దాసుగారి జీవితమార్గము నిర్ణయమైనది. ఆ యేడే ధ్రువచరిత్రమును రచించి, తామే రాగతాళములు కూర్చి, కాలికి గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి కథకు నిలిచిరి. అప్పటికి వారి వయస్సు 19 ఏండ్లు.

హరికథ నాటకము వంటిది కాదు. నాటకమున పాత్రకొక నటుడు కలడు. రంగమునకు రంగమునకు నడుమ తెర కలదు. హరికథకు తెరయు లేదు, రెండవ నటుడును లేడు. విజయనగర సంస్థానపు కొలువైనను, భద్రాచలపు అడవుల అంచున పెనుబల్లి వంటి ఊరి రామమందిరమైనను దానికి చాలును. కథకుడొక్కడే వచనము చెప్పుచు పద్యమునకు ఎగయవలెను. పద్యము ముగిసినచోటనే కీర్తన యెత్తుకొనవలెను. ధ్రువుని దైన్యమును విడిచి మరుక్షణమున సురుచి దర్పమును పూనవలెను. రాగము మారును, తాళము మారును, కాలి అడుగు మారును. ఈ మార్పున లిప్తకాలము తొట్రుపడినను మృదంగము దారి తప్పును, శ్రోత మనస్సు కథనుండి జారును. ఘట్టములకు నడుమ సభచేత గోవిందనామము పలికించుట భక్తియే కాదు, ఉపాయము కూడ. జనులు నామము పలుకు ఆ కొద్దిపాటి వ్యవధిలో కథకుడు శ్రుతి సరిచూచుకొని, రానున్న తాళమును కనుసన్నతో మృదంగమువానికి తెలుపగలడు.

నేడు సభలలో కంప్యూటరుతో నడచు సింథసైజరును వాయించువారికిని ఇదే చిక్కు. వేణునాదమునుండి వీణానాదమునకు మీట నొక్కి మారునప్పుడు మొదటి నాదము అణగకముందే తెగినచో, ఆ తెగుడు వినువారి చెవికి తగులును. అందుచేత వారు కావలసిన నాదములను ముందే వరుసగా అమర్చుకొందురు. పాతనాదము తనంత తాను ఆరువరకు కొత్తదానితో కలిపి నడపుదురు. దాసుగారికి అట్టి అమరిక యంతయు దేహమునందే ఉండెను.

వారి పంచముఖి ప్రసిద్ధమైనది. రెండు చేతులతో, రెండు పాదములతో, శిరస్సుతో ఐదు వేర్వేరు తాళములు ఏకకాలమున నడపుచు పల్లవి పాడెడివారు. దాని కష్టము లెక్కలో చూచిన తెలియును. మూడు మాత్రల నడకయు నాలుగు మాత్రల నడకయు ఒక్కసారి బయలుదేరిన, మరల కలియునది 12వ మాత్ర ముగియునప్పుడు. ఐదు మాత్రల నడక చేరిన 60 మాత్రలు, ఏడు మాత్రలది చేరిన 420 మాత్రలు గడవవలెను. అంతవరకు ఏ యవయవమును వేరొకదానిని అనుసరింపరాదు. అన్నియు ఒక్క చోట వచ్చి వాలవలెను. పంచముఖి పరమేశ్వర, లయబ్రహ్మ అను బిరుదములు వారికి ఊరక రాలేదు.

రాగవిషయమునను వారిది ఇదే సాహసము. దశవిధరాగ నవతికుసుమ మంజరి అను కృతిలో 90 రాగములను ఒకే మాలగా గ్రుచ్చిరి. సాహిత్యమున షేక్స్పియరును కాళిదాసును సరిపోల్చి నవరసతరంగిణి వెలయించిరి. ఉమర్ ఖయ్యాము రుబాయతులను పారసీక మూలమునుండియు, ఫిట్జెరాల్డు ఆంగ్లమునుండియు గ్రహించి సంస్కృతమునకును అచ్చతెలుగునకును తెచ్చిరి. తాళమునుండి తాళమునకు దాటినట్లే భాషనుండి భాషకును దాటిరి.

మైసూరు కొలువున సత్కారము పొందినను వారు విజయనగరమునే నమ్మిరి. ఆనందగజపతి మహారాజు వారిని ఆస్థాన విద్వాంసునిగా గౌరవించిరి. 1919లో విజయనగరమున సంగీతకళాశాల నెలకొన్నప్పుడు తొలి అధ్యక్షులు దాసుగారే. 1936 వరకు ఆ బాధ్యత వహించిరి. వారి పిమ్మట ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పీఠమున కూర్చుండిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విద్య నేర్చినది ఆ కళాశాలయందే.

1945 జనవరి 2వ తేదీన దాసుగారు కీర్తిశేషులైరి. వారి కథలు అచ్చుపుస్తకములలో నిలిచినవి. వాటిలో పద్యమున్నది, కీర్తన యున్నది, రాగతాళముల పేర్లున్నవి. పద్యమునుండి కీర్తనకు వారు ఎట్లు దాటిరో ఆ మెలకువ మాత్రము అక్షరమునకు లొంగునది కాదు. అది గురువును చూచి శిష్యుడు, శిష్యుని చూచి ప్రశిష్యుడు కాలిగజ్జెతో నేర్వవలసినది. గజ్జె కట్టువాడున్నంతవరకే ఆ విద్య యుండును.